ఖర్చుపెట్టరాని ఇంధనము

సూరత్ నగరమునకును, సౌరాష్ట్రమందలి భావనగరమునకును నడుమ ఖంభాతు అఖాతము అడ్డముగా పరుచుకొని యున్నది. పటముమీద సరళరేఖ గీచి చూచినచో రెండు ఊళ్ల నడిమి దూరము సుమారు 90 కిలోమీటర్లు మాత్రమే. అఖాతపు తలను చుట్టి రోడ్డు మార్గమున పోవువారికి అది రమారమి 370 కిలోమీటర్లు. సూరత్‌లో వజ్రములకు సానపట్టు పనివారిలోను, ఆ వర్తకము చేయు ధనికులలోను పెక్కుమంది భావనగర్, అమ్రేలీ ప్రాంతములనుండి వలసవచ్చినవారే యగుటచేత, పండుగకో, పెండ్లికో, పొలము తగవుకో స్వగ్రామమునకు పోయి రావలసిన పని వారికి ఏడాది పొడవునను తగులుచునే యుండును. 2020 నవంబరులో సూరత్ చెంతనున్న హజీరా రేవునుండి భావనగరపు దాపుననున్న ఘోఘాకు లారీలను సైతము మోసికొనిపోవు ఓడ నడువసాగినది. 2022 జనవరి 1 నాటినుండి సూరత్ వజ్రవర్తకులు నెలకొల్పిన వెంచురా ఎయిర్‌కనెక్ట్ సంస్థవారు తొమ్మిదిమంది ప్రయాణికులు కూర్చుండగల చిన్న విమానములతో సూరత్‌నుండి భావనగర్, అమ్రేలీ, రాజకోట, అహమ్మదాబాదులకు రాకపోకలు ఆరంభించిరి. లింబాయత్, ఉధ్నా పేటలలో మరమగ్గముల నడుమ తరతరములుగా స్థిరపడిన మన తెలుగు పద్మశాలీలు కరీంనగరమునకో, వరంగల్లునకో పోవుటకు నేటికిని రైలునే నమ్ముకొని యున్నారు గాని, వారి పొరుగువారైన సౌరాష్ట్రపు కాఠియావాడీలు మాత్రము అరగంటలో అఖాతమును దాటి ఇల్లు చేరుచున్నారు.

ఈ మార్గమున తిరుగు సెస్నా గ్రాండ్ కారవాన్ ఒంటి ఇంజను విమానము. రెక్క శరీరమునకు పైన నుండును; ఆ రెక్కలయందే కుడియెడమల రెండు ట్యాంకులు కలవు; వాటినుండి ఇంధనము తన బరువుచేతనే క్రిందికి దిగి, పొట్టలోనున్న ఒక చిన్న తొట్టిని నింపి, అక్కడినుండి పంపుల సాయమున ఇంజనునకు చేరును. రెండు ట్యాంకులును నిండుగా పోసినచో సుమారు 1250 లీటర్లు పట్టును. ఇంజను గంటకు సుమారు 200 లీటర్లు త్రాగును. అనగా నిండు ట్యాంకులతో బయలుదేరిన విమానము ఆరు గంటలపాటు గాలిలో నుండగలదు. అరగంట ప్రయాణమునకు ఆరు గంటల ఇంధనము పట్టునపుడు ఇక చింత యెక్కడిది, ఎల్లప్పుడును నింపుకొని పోవచ్చును గదా యని చదువరికి తోచుట సహజము.

చిక్కు ఇక్కడనే యున్నది. ఈ విమానము నేలనుండి లేచునపుడు మొత్తము బరువు 3970 కిలోగ్రాములకు మించరాదు. ఖాళీ విమానమే, ఆసనములు మొదలగువానితో కలిపి, అందులో సగమునకు పైగా తినివేయును. నిండు ట్యాంకుల ఇంధనము మరియొక వేయి కిలోగ్రాములు. మిగిలినదానిలో తొమ్మిదిమంది ప్రయాణికులు, ఇద్దరు వైమానికులు, వారి పెట్టెలు ఇముడుట దుర్ఘటము. సూరత్ వజ్రములకు బరువు లేదు, నిజమే. వాటి వెంట వచ్చు మనుష్యులకు కలదు. కనుక ఆసనములన్నియు నిండిన దినమున ఇంధనము తగ్గించుకొనవలెను. ఇంధనము నిండుగా కావలసిన దినమున ఒకరిద్దరిని దింపివేయవలెను. చిన్న విమానమునందు ఇంధన నిర్ణయమనునది ప్రతి ఉదయమును ఈ త్రాసునొద్దనే మొదలగును. పెద్ద విమానములకును ఈ త్రాసు లేకపోలేదు గాని, అక్కడ తూకము వేయుటకు వేరు ఉద్యోగులు, వేరు యంత్రములు కలవు. ఇక్కడ పెక్కుసార్లు లెక్క కట్టువాడును, నడుపువాడును ఒక్కడే.

ఆ లెక్క యెట్లుండునో ఒకసారి వేసి చూతము. ఇది స్థూలమైన గణితమే గాని, విషయము స్పష్టమగుటకు చాలును. సూరత్‌నుండి భావనగరమునకు ఎక్కుట దిగుటలతో కూడ ఇరవై అయిదు నిమిషములనుకొన్నచో 80 లీటర్లు సరిపోవును. నేలమీద ప్రాకుటకు పది లీటర్లు. ఎదురుగాలి, దారి తప్పించు మేఘము మొదలగు అనుకోని వానికి ప్రయాణపు ఇంధనములో అయిదు శాతము చేర్చవలెను. కాని అది అయిదు నిమిషములు గాలిలో చుట్టు తిరుగుటకు వలసినదానికంటె తక్కువ కారాదు గనుక పదునేడు లీటర్లు. భావనగరము వానలో మునిగి రన్‌వే కనబడకపోయినచో అహమ్మదాబాదునకు పోవలెను. అది సుమారు 150 కిలోమీటర్లు గనుక 115 లీటర్లు. ఇవన్నియు పోను, టర్బైను ఇంజను గల విమానము చివరకు నేల తాకునప్పటికి ట్యాంకులో ముప్పది నిమిషముల ఇంధనము మిగిలియుండవలెనని అంతర్జాతీయ నియమము. పిస్టను ఇంజను వానికి నలువదియైదు నిమిషములు. అది మరియొక వంద లీటర్లు. మొత్తము 320 లీటర్లు పైచిలుకు. 80 లీటర్ల పనికి 320 లీటర్లు! బండిలోనున్న ఇంధనములో నాలుగింట మూడుపాళ్లు ఆ దినము ఖర్చు కాకూడదని కోరుకొనుచు మోసికొనిపోవునదే.

ఇందులో చివరి వంద లీటర్ల సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. తక్కినవన్నియు అవసరమైనచో వాడుకొనవచ్చును. ఇది మాత్రము రైతు ఇంట విత్తనపు గింజవంటిది, ఆకలి యెంత యున్నను గరిసెలో ఆ మూల చేయి పెట్టరాదు. నియమము దానిని "వాడుకొనుటకు" ఇచ్చుట లేదు. దానిని ముట్టుకొను పరిస్థితి రానున్నదని తెలిసిన క్షణమున అపాయ ప్రకటన చేయుమని శాసించుచున్నది. 2012 నుండి అమలులోనున్న అంతర్జాతీయ పద్ధతి ప్రకారము, ఇక ఏ కొద్ది ఆలస్యమైనను ఆ చివరి నిల్వ కరగునని గ్రహించిన వైమానికుడు "మినిమమ్ ఫ్యూయెల్" అని నియంత్రణ కేంద్రమునకు తెలుపవలెను. అది కరుగక తప్పదని తేలినచో "మేడే, మేడే, మేడే, ఫ్యూయెల్" అని పలుకవలెను. రెంటికిని భేదము కలదు: మొదటిది హెచ్చరిక, దానికి ప్రాధాన్యమేమియు దక్కదు, రెండవది ఆర్తనాదము, తక్కిన విమానములన్నియు తొలగి దారి యీయవలెను.

ఇంతటి నియమావళి లేని కాలమును తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి పుస్ మాత్ అను చిన్న విమానమున టపాసంచులు వేసికొని అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూ మైదానమునకు వచ్చెను. అహమ్మదాబాదులో ఆయన విమానమునకు పెట్రోలు ఎద్దుబండిమీద డబ్బాలలో వచ్చినది. అహమ్మదాబాదునుండి బొంబాయికి తిన్నగా గీత గీచినచో అది ఇంచుమించు సూరత్ మీదుగానే పోవును. జుహూనుండి ఆ టపాను నెవిల్ విన్సెంటు బళ్లారి మీదుగా మదరాసునకు చేర్చెను. రేడియో లేదు, వాతావరణ వార్త లేదు. ఉన్నదెల్లను గడియారము, దిక్సూచి, చేతిలోని పటము. అయినను, లేక అందుచేతనే, ఆ తరము వైమానికులు ఇంధనమును లీటర్లలో కాక నిమిషములలో తలచెడివారు. ఎన్ని నిమిషములైనది, ఎన్ని మిగిలినవి, ఈ గాలిలో తరువాతి మైదానమునకు ఎన్ని పట్టును, ఇవే వారి ప్రశ్నలు. యంత్రములు పెరిగిన నేటికిని నిపుణులు చెప్పునది ఇదే గనుక ఇది పాతకాలపు మోటుపద్ధతి యని కొట్టివేయ వీలులేదు.

గేజిని చూచినచో తెలియదా యని అడుగవచ్చును. చిన్న విమానముల ట్యాంకులు రెక్కలోపల పరుపువలె వెడల్పుగను, లోతు తక్కువగను ఉండును. అట్టి పాత్రలో ద్రవపు మట్టము ఒక్క వ్రేలిమందము మారినచో అనేక లీటర్లు మారినట్లు. విమానము ఒరిగినను, ఊగినను ద్రవము ఒక ప్రక్కకు పోవును. ముల్లు దానితోపాటు ఊగును. అందుచే శిక్షణ విమానములలో ఎక్కుటకు ముందు రెక్కపైకి ప్రాకి, మూత తీసి, గుర్తులు పెట్టిన కఱ్ఱను ట్యాంకులో ముంచి కొలుచుట నేటికిని ఆచారము. బేగంపేటలో ఎగురుట నేర్చినవారిని అడిగినచో ఈ కఱ్ఱ సంగతి చెప్పుదురు. పిమ్మట ట్యాంకు అడుగునుండి కొంచెము ఇంధనమును గాజువంటి గిన్నెలోనికి వదలి వెలుగులో చూడవలెను. నీరు ఇంధనముకంటె బరువైనది గనుక అడుగున చేరును. సూరత్‌వంటి సముద్రతీరపు ఊరిలో సగము ఖాళీగానున్న ట్యాంకులోని తేమగాలి రాత్రి చల్లబడి నీటిబొట్లగుటకు అవకాశము మెండు. ఆ నీరు ఇంజనునకు చేరినచో ట్యాంకు నిండుగానున్నను ఇంజను ఆగును.

కొలత చిక్కు ఇంకొకటి కలదు. ఇంజనునకు శక్తి నిచ్చునది ఇంధనపు ద్రవ్యరాశి గాని ఘనపరిమాణము గాదు. జెట్ ఇంధనమనగా శుద్ధిచేసిన కిరసనాయిలే. లీటరు సుమారు 0.8 కిలోగ్రాములు తూగును. వేడిమి పెరిగిన కొలది వ్యాకోచించును. పదునైదు డిగ్రీలనుండి సూరత్ వేసవి నలువది డిగ్రీలకు వచ్చునప్పటికి అది నూటికి రెండుపాళ్లకు మించి ఉబ్బును. కనుక అదే లీటరులో శక్తి ఆ మేరకు తగ్గియుండును. ఇది చిన్న తేడాయే. పెద్ద తేడా మనుష్యుడు చేయును. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానమునకు గేజిలు పనిచేయకపోగా, చేతిలెక్కతో ఇంధనము పోసిరి. కావలసినవి 22,300 కిలోగ్రాములు. గుణకమును మాత్రము కిలోగ్రాములకు బదులు పౌండ్లది వాడిరి. పౌండు అరకిలో కంటె తక్కువ గనుక, వలసినదానిలో సగమైనను లేకుండ ఆ విమానము లేచిపోయినది. 41,000 అడుగుల ఎత్తున హెచ్చరికలు మొదలై, పిదప రెండు ఇంజనులును ఒకదాని వెనుక ఒకటి ఆగెను. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ గ్లైడర్లు నడిపిన అనుభవము గలవాడగుటచే దానిని గ్లైడరువలె దింపి, గిమ్లీ అను పాత సైనిక విమానక్షేత్రమున నేలకు చేర్చెను. ఉన్న 69 మందిలో ఒక్కరును చనిపోలేదు. అదృష్టమని పేరు పెట్టి దీనిని మరచిపోరాదు. ఆ లెక్కను పలువురు సరిచూచిరి, పలువురును అదే తప్పుగుణకముతో సరిచూచిరి.

ఇంధనము లేక ఇంజను ఆగుట ఒకటి. ఇంధనము ఉండియు ఇంజనునకు అందక ఆగుట మరియొకటి. ఈ రెండవదానిని బైటివారు నమ్మజాలరు. రెక్క పైన గల సెస్నా శిక్షణ విమానములలో ట్యాంకును ఎంచు మీటను "రెండును" అని పెట్టవచ్చును, భూమ్యాకర్షణమే రెండు ట్యాంకులనుండి ఇంధనమును దింపును. రెక్క క్రిందనుండు పైపర్ వంటి విమానములలో పంపు పైకి లాగవలెను గనుక, రెండు ట్యాంకులను కలిపినచో ఒకటి వట్టిపోయిన క్షణమున పంపు గాలిని పీల్చును. అందుచే అక్కడ కుడియో ఎడమయో ఒకదానినే ఎంచుకొనవలెను, మధ్య మధ్య మార్చవలెను. మార్చుట మరచిన వైమానికుడు ఒక రెక్కలో నిండు ఇంధనముతో పొలములో దిగిన కథలు అన్ని దేశములలోను కలవు. 1997 అక్టోబరు 12న అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరమున మాంటెరే అఖాతములో కూలి మరణించుటకును మూలము ఈ మీటయే. అది ఇంట నిర్మించిన లాంగ్‌ఈజీ అను విమానము. ట్యాంకు మార్చెడి మీట వైమానికుని ఎడమభుజమునకు వెనుక అమర్చబడియుండెను. ఇంధన సూచికలు వీపు వెనుక నుండెను. బయలుదేరుటకు ముందు ఇంధనము పోయింతురా యని అడుగగా, గంటసేపే ఎగురుదును గనుక అక్కరలేదని ఆయన చెప్పెను. గాలిలో మీట మార్చుటకు వెనుకకు తిరిగినపుడు కాలు పెడలుపై ఒత్తుకొని విమానము అదుపు తప్పియుండునని దర్యాప్తు చేసినవారు తేల్చిరి. మీటను అక్కడ పెట్టినవాని దోషమెంత, ఇంధనము వద్దన్నవాని దోషమెంత యని విడదీయుట కష్టము; కాని రెండవదానిని దిద్దుకొనుటకు ఆ దినమున నేలమీద అయిదు నిమిషములు చాలియుండును.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2011 నుండి 2015 వరకు జరిగిన చిన్న విమానముల ప్రమాదములను పరిశీలించి, ఏటా సగటున ఏబదికి పైగా ప్రమాదములు ఇంధన నిర్వహణ లోపమువలన జరిగినవని తేల్చెను. అందులో 56 శాతము ట్యాంకులు వట్టిపోయినవి. 35 శాతము ఇంధనము ఉండియు అందనివి. తక్కినవానిలో నీరు, మలినములు మొదలగునవి. యంత్రలోపము అయిదు శాతములోపే. మనుష్య లోపము 95 శాతమున కలదు. మరియు, దోషులలో సగమునకు కొంచెము తక్కువగా వృత్తి వైమానికులే, విద్యార్థులు నూటికి ఇద్దరే! కొత్తవాడు భయముతో కఱ్ఱ ముంచి చూచును. అనుభవజ్ఞుడు నిన్న చూచితిని గదా యనుకొనును. నాకీ లెక్కలన్నిటిలోను మిక్కిలి విలువైనదిగా తోచునది ఈ చివరిదే.

అనుభవమునకు ఈ గతి యేల పట్టునో ఒక పాత ఉదంతము చెప్పును. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరమునకు వచ్చుచున్న ఒక డీసీ-8 విమానమున చక్రములు దించునపుడు పెద్ద శబ్దమైనది. చక్రము బిగిసినదని చెప్పవలసిన దీపము వెలుగలేదు. కెప్టెన్ ఎంతో అనుభవము గలవాడు. ప్రయాణికులను సిద్ధము చేయవలెననియు, చక్రమును మరల పరీక్షింపవలెననియు ఒక గంటసేపు ఆకాశమునందే తిరుగుచుండెను. ఇంధనము తగ్గుచున్నదని తోడివారు చెప్పిరి. కాని గౌరవమువలన నసిగి నసిగి చెప్పిరి. ఆయన మనస్సు చక్రముపై నిలిచిపోయెను. తుదకు ఇంజనులు ఒకదాని వెనుక ఒకటి ఆగి, విమానము రన్‌వేకు చేరకుండగనే నగరపు శివారులో కూలినది. 189 మందిలో పదిమంది మరణించిరి. దర్యాప్తులో తప్పు కెప్టెన్‌ది మాత్రమే కాదు, హెచ్చరిక ఆయన చెవికెక్కునట్లు చెప్పలేకపోయిన సిబ్బందిది కూడ అని తేలినది. నేడు వైమానికులందరికిని నేర్పుచున్న "సిబ్బంది సమన్వయ" శిక్షణకు ఈ దుర్ఘటనయే ముఖ్యకారణము. మన దేశములో పెద్దవారి ముందు నోరు మెదపరాదను మర్యాద బలముగా నున్నది గనుక ఈ పాఠము మనకు రెట్టింపు అవసరము. కాక్‌పిట్‌లో "సార్, ఇంధనము కొంచెము..." అని ఆగిపోవువాడు మర్యాదస్థుడు కాడు, అపాయకారి.

ఒక్కనికే విమానము అప్పగింపబడినపుడు హెచ్చరించు రెండవ నోరు లేదు. అప్పుడు పనిచేయునది మనస్సునకు గల ఒక దుర్లక్షణము: ఒకసారి పోవుదమని నిశ్చయించుకొన్న పిమ్మట, పోరాదని చెప్పు గుర్తులు ఒక్కొక్కటిగా వచ్చుచున్నను వాటిని తేలికగా కొట్టివేయుట. గమ్యము దగ్గరైన కొలది ఈ మొండితనము పెరుగునని అమెరికా నాసా పరిశోధకులు వైమానికులపై చేసిన అధ్యయనములలో గుర్తించిరి. ఇంటికి పోవలె ననెడి ఆతురత, వెనుక కూర్చున్నవారి గుసగుసలు, వెనుదిరిగినచో అసమర్థుడనిపించుకొందునను బిడియము, ఇవన్నియు కలిసి ట్యాంకులోని నిమిషములను తినివేయును. 2015 ఆగస్టు 18న దోహానుండి కొచ్చికి వచ్చిన ఒక జెట్ విమానము పొగమంచువంటి మసకలో కొచ్చియందు మూడుసార్లు దిగజూచి లేచిపోయి, తిరువనంతపురమునకు మరలి, అచ్చటను మూడుసార్లు విఫలమై, ఏడవమారు గాని నేల తాకలేదు. ప్రతి ప్రయత్నముతోను ఇంధనము తరుగుటయే గాక, పోదగిన ఊళ్ల సంఖ్యయు తరిగిపోయినది.

ఖంభాతు అఖాతముమీద ఎంపికలు ఇంకను తక్కువ. సెస్నా 172 వంటి శిక్షణ విమానము ఇంజను ఆగినపుడు ఎత్తునకు తొమ్మిదింతల దూరము జారగలదు. 900 మీటర్ల ఎత్తుననున్నచో ఎనిమిది కిలోమీటర్లు. అఖాతము నడుమ ఏ తీరమైనను అంతకంటె ఎంతో దూరము. క్రిందనున్నది శాంతసముద్రము గాదు. భావనగర్ రేవున పెద్దపోటుకును పాటుకును నడుమ నీటిమట్టము పది మీటర్లకు పైగా మారును, ప్రవాహములు గుఱ్ఱపుదౌడు తీయును, నీరు బురద రంగు. కనుక ఇక్కడ ఒంటి ఇంజను విమానము ఎత్తున ఎగురుట విలాసము కాదు. దాని ఎత్తే దానికి నిల్వ. వానకాలమున మేఘము క్రిందికి దిగి ఆ ఎత్తును తగ్గింపజూచినపుడు వెనుదిరుగుటయే తెలివి. బయలుదేరుటకు ముందే, అఖాతపు తీరము దాటుటకు ముందొక బిందువును నిర్ణయించి, "అక్కడికి వచ్చునప్పటికి భావనగరపు వార్త బాగులేకున్న తిరుగుదును" అని కాగితముమీద వ్రాసికొన్న వైమానికుడు మేఘముల నడుమ తన మనస్సుతో వాదింపవలసిన పని లేదు. నేలమీద, తల చల్లగా నున్నపుడు తీసికొన్న నిర్ణయము, గాలిలో, గుండె కొట్టుకొనుచుండగా తీసికొను నిర్ణయముకంటె దాదాపు ఎల్లప్పుడును మేలైనది.

చిన్న విమానములందు ప్రయాణికునకు, వైమానికునకు నడుమ గోడ లేదు. కొన్నిటిలో తలుపైనను లేదు. పెద్దవారు, ధనికులు, ఎన్నికల నాయకులు అద్దెకు తీసికొన్న విమానములలో "ఇంకొక ఊరు పోయి వద్దము, అరగంటే గదా" అని వెనుకనుండి భుజము తట్టుదురు. అట్టి చదువరులు ఎవరైన నుండినచో వారికి ఒక్క మనవి. ఇంధనము చాలదు, దిగి పోయించుకొనవలెనని గాని, తిరిగి పోవలెనని గాని వైమానికుడు చెప్పినపుడు గడియారము చూడకుడు, పేరు ప్రతిష్ఠలు చూపకుడు, రెండవమాట అడుగకుడు. సభకో పెండ్లికో ఆలస్యమగునని ఫోను చేసి చెప్పి, ఆసనమున వెనుకకు వ్రాలి కూర్చుండుడు.